హాల్లో పోయిన సౌండు

ఆ ఇంట్లో భార్యాభర్తలు ఏదైనా తేల్చుకోవాలంటే ముందు హాల్లో సినిమా పెట్టేవారు.

ఇల్లు అగ్గిపెట్టెంత. వంటింటికీ కూతురి గదికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకి పైన, కప్పు దగ్గర, గాలి కోసం వదిలిన జాలీ ఒకటి. ఇటు చెంచా పడితే అటు వినిపిస్తుంది. అందుకని ఆయన కార్లు గుద్దుకునే సినిమా ఏదో వెతికి పెట్టి, సౌండు బాగా పెంచి, గిన్నెలు తుడవడానికి వచ్చినట్టు భుజాన గుడ్డ వేసుకుని వంటింట్లోకి వచ్చేవాడు. ఆ మోతలో ఎంత గొడవపడ్డా పక్క గదికి ఒక్క ముక్క పోదని ఇద్దరికీ ధీమా. పెళ్ళయిన కొత్తలో రేడియోతో మొదలుపెట్టిన అలవాటు అది. ఆయన తమ్ముడు పాత ఆఫీసు కంప్యూటర్ ఒకటి తెచ్చి, అందులో లైనక్స్ అనే సాఫ్ట్‌వేరు ఎక్కించి, దాన్ని టీవీకీ పెద్ద ఆంప్లిఫయరుకీ కలిపి, గదికి నాలుగు మూలలా స్పీకర్లు బిగించి వెళ్ళాక ఆ అలవాటుకి ఇంకా బలం వచ్చింది.

సోమవారం సాయంత్రం హాల్లో టైర్లు కీచుమంటున్నాయి, అద్దాలు భళ్ళుమంటున్నాయి. వంటింట్లో ఆమె గిన్నె తోముతూ మొగుణ్ణి వాయిస్తోంది.

"శుక్రవారం దాకా ఎవరూ నోరు విప్పకపోతే సరి, దానంతటదే పోతుంది. వాళ్ళు ఫోన్ చేసిన సంగతి దానికి మీరు చెప్పారో..."

అంతలో హాల్లో సౌండు ఠక్కున ఆగిపోయింది. ఆ ఆఖరి ముక్క ఇల్లంతా వినబడేలా నిశ్శబ్దంలో పడింది. ఆమె చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది.

కూతురి గది తలుపు తెరుచుకుంది. పిల్ల జుట్టు ముడి వేసుకుంటూ బయటికి వచ్చి టీవీ వంక చూసింది. తెర మీద కార్లు చప్పుడు లేకుండా పల్టీలు కొడుతున్నాయి.

"సౌండు ఆగిపోయిందేంటి నాన్నా?" అంది.

"అదే తెలీడం లేదమ్మా."

పిల్ల మొహంలో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆమెకి నచ్చలేదు.

దాచిన సంగతి ఇది. పిల్లకి గాలిమరలంటే పిచ్చి. ఊరి బయట గుట్టల మీద తిరిగే తెల్లటి పెద్ద పెద్ద రెక్కలవి. వాటి మీదికెక్కి మరమ్మతు చేసే పని నేర్పే చోట చేరతానని దరఖాస్తు పెట్టుకుంది. రెండేళ్ళ చదువు, దూరపు ఊరు, హాస్టలు. పద్దెనిమిది నిండలేదు కాబట్టి తల్లి ఒప్పుకోవాలన్నారు, తల్లి ఫోన్ నంబరే తీసుకున్నారు. ఆ సోమవారం పొద్దున అక్కణ్ణించి ఫోన్ వచ్చింది. సీటు వచ్చిందట. శుక్రవారం సాయంత్రం లోపు మీరు ఒప్పుకుంటున్నట్టు ఒక్క మాట చెప్తే చాలు, లేకపోతే సీటు ఇంకొకరికి పోతుందని అవతలి గుమాస్తా చెప్పాడు. ఆమె సరేనని పెట్టేసింది. పిల్ల కాలేజీ నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా "ఫోనేమైనా వచ్చిందా అమ్మా?" అని అడిగితే "రాలేదు" అంది.

బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే ఆయనకి ఇది మింగుడుపడలేదు. కానీ పెళ్ళాన్ని కాదని కూతురికి చెప్పే ధైర్యమూ లేదు. ఆమెకి డిపోలో అందరూ పెట్టిన పేరు ఇన్‌స్పెక్టరు. క్యారియర్ మూత వదులుగా ఉంటే దారిలో ఎవరు తెరిచారని అడిగే మనిషి.

మర్నాడు మరిదికి ఫోన్ కలిపారు. అతనికి కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది.

"ఆంప్లిఫయరు లైటు వెలుగుతోందా అన్నయ్యా?"

"వెలుగుతోంది."

"వైరు ఓసారి పీకి పెట్టు. పెట్టావా? ఇప్పుడు సెట్టింగుల్లో సౌండు అని ఉంటుంది, తెరువు. అవుట్‌పుట్ అన్నచోట ఏముంది?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి చదివాడు. "డమ్మీ అవుట్‌పుట్."

ఆమె వెనకనుంచి వంగి చూసింది. "డమ్మీ ఏంటి? అసలుది ఎవరు తీసుకెళ్ళారు?"

"ఎవరూ తీసుకెళ్ళలేదు వదినా" ఫోన్లో మరిది నవ్వాడు. "సౌండు కార్డు దానికి కనబడకపోతే అలా చూపిస్తుంది. ఆఫ్ చేసి ఉంటే కూడా అంతే. ఆ పక్కన ప్రొఫైల్ అని ఉంటుంది, అక్కడేముందో చూడు అన్నయ్యా."

"ఆఫ్ అని ఉంది."

"అదీ సంగతి. హెచ్‌డీఎంఐ అని టీవీ వైరుది ఉంటుంది, అది ఎంచుకుని, టెస్టు నొక్కు."

నొక్కగానే ఎడమ మూల స్పీకర్లోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో పలికింది. తరవాత కుడి మూల. ఆయన మొహం వెలిగిపోయింది. ఆమె మొహం మాత్రం అలాగే ఉంది.

"ఆఫ్ ఎవరు చేశారు?"

"ఒక్కోసారి అదే అయిపోతుందిలే వదినా."

"ఒక్కోసారి అదే ఎలా అవుతుంది? మా ఇంట్లో స్టవ్వు అదే ఆరిపోయిందంటే నేను ఊరుకుంటానా?"

మరిది దుకాణంలో ఎవరో వచ్చారని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం మళ్ళీ సినిమా పెట్టారు. మళ్ళీ వంటింట్లో ఇద్దరూ నాలుగు మాటలు అనుకున్నారో లేదో, మళ్ళీ పోయింది. ఈసారి ఆమె అప్రమత్తంగానే ఉంది, నోరు అక్కడే కట్టేసింది. కానీ అప్పటికే ఆయన "అది పాపం రోజూ అడుగుతోందే" అన్నాడు. ఆ మాట జాలీ దాకా వెళ్ళిందో లేదో తెలియదు.

ఈ తడవ అవుట్‌పుట్ సరిగ్గానే ఉంది, సౌండు మాత్రం లేదు. మరిది చెప్పినట్టు ఆయన నల్ల తెర ఒకటి తెరిచి, అందులో ఏదో టైపు చేస్తే నిలువు గీతల వరస వచ్చింది. కొన్ని గీతల కింద రెండు ఎమ్‌లు పక్కపక్కన ఉన్నాయి. అలా ఉంటే నోరు నొక్కేసినట్టని మరిది చెప్పాడు. ఎమ్ మీట నొక్కితే అవి సున్నాలుగా మారి సౌండు వచ్చింది.

"నిన్న ఒక చోట, ఇవాళ ఇంకో చోట" అందామె. "ఇది పాడవడం కాదు. ఎవరో కూర్చుని చేస్తున్నారు."

"దయ్యాలా?" అన్నాడాయన.

"దయ్యాలకి ఇంగ్లీషు రాదు."

ఆ రోజు నుంచి ఆమెకి కంటి మీద కునుకు కరవైంది. ఆ పెట్టె మీదే అనుమానం. టీవీ కింద నల్లగా, చిన్న నీలం దీపంతో, ఊపిరి తీస్తున్నట్టు ఫ్యాను తిప్పుకుంటూ కూర్చునే ఆ వస్తువు ఇంట్లో మాటలన్నీ వింటోందని, విన్నవి ఎక్కడికో పంపుతోందని తోచింది. కంప్యూటర్లు వింటాయని బస్సులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నది. ఎక్కడికి పంపుతుంది? దుకాణంలో కూర్చునే దాన్ని చూడగలనని మరిది ఒకసారి గొప్పగా చెప్పాడు. అయితే మరిదికి తెలిసింది తోటికోడలికి తెలుస్తుంది. తోటికోడలికి తెలిసింది సాయంత్రానికి పిల్లకి తెలుస్తుంది. ఆమె తువ్వాలు తెచ్చి ఆ పెట్టెని నిలువునా కప్పేసింది.

బుధవారం మరిది స్వయంగా వచ్చాడు. వస్తూనే తువ్వాలు చూసి ఆగిపోయాడు.

"జ్వరమొచ్చిందా వదినా దీనికి?"

"అది వింటోంది."

"దీనికి మైకే లేదు వదినా. చెవులు లేని దానికి తువ్వాలెందుకు? వేడెక్కి చస్తుంది."

"లేదని నువ్వంటున్నావు."

"నేనే కదా బిగించింది."

"అందుకే అంటున్నాను" అని ఆమె అతని కళ్ళలోకి చూసింది.

మరిది నొచ్చుకున్నట్టు కనిపించలేదు, అలవాటే. పెట్టె మూత విప్పాడు, దుమ్ము ఊదాడు, వైర్లు తడిమాడు, సినిమా పెట్టి సౌండు పైకి తోశాడు. కిటికీ అద్దాలు అదిరాయి. గంటసేపు కాఫీ తాగుతూ కూర్చున్నా సౌండు పోలేదు. మధ్యలో పిల్ల వచ్చి "బాబాయ్, దొరికిందా?" అని అడిగి, గుమ్మానికి ఆనుకుని కాసేపు చూసి వెళ్ళింది.

"ఇది బాగానే ఉంది" అన్నాడు మరిది, పిల్ల వెళ్ళిన వైపు ఒకసారి చూసి. "యంత్రానికి తిక్క పుట్టదు వదినా. ఆపమని ఎవరైనా చెప్తేనే ఆగుతుంది. దీని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నాకూ నీకూ" అన్నాడు అన్న.

"ఇంకెవరికీ?"

"దీనికి చెప్పి ఎవడు బతుకుతాడు?" అని ఆయన పెళ్ళాం వైపు చూపించాడు.

మరిది చెప్పులు వేసుకుంటూ ఆమెతో అన్నాడు. "నాకు రోజంతా ఇదే పని వదినా. ఒకటే పద్ధతి. అన్నీ ఒకేసారి కెలక్కూడదు. ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఏది మార్చితే పోయిందో, అదే దొంగ."

ఆ మాట ఆమెకి పట్టుకుంది. అనుమానం ఉన్న మనిషికి దారి చూపిస్తే ఆగుతుందా?

గురువారం పొద్దున పిల్ల బ్యాగు సర్దుకుంటూ తలెత్తకుండా అడిగింది. "ఫోన్ వచ్చిందా అమ్మా?"

"రాలేదన్నాను కదే. వస్తే చెప్పనా?"

"ఏమో" అంది పిల్ల. జిప్పు ఒక్క లాగు లాగి వెళ్ళిపోయింది.

ఆ "ఏమో" ఆమెకి రోజంతా గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఇంకో రోజు. ఒక్క రోజు గడిస్తే సీటు పోతుంది, పిల్ల రెండు రోజులు ఏడుస్తుంది, తరవాత ఈ ఊళ్ళోనే నేల మీద ఏదో ఒకటి చదువుకుంటుంది. నేల మీద. ఆమె కోరేది అంతే. కళ్ళు మూసుకుంటే చాలు, ఇరవై అంతస్తుల ఎత్తున తాడుకి వేలాడుతూ పిల్ల కనిపిస్తోంది, గాలికి అటూ ఇటూ ఊగుతూ.

సాయంత్రం ఆయన డిపో నుంచి రాగానే ఆమె చెప్పింది. "ఇవాళ నేను పరీక్ష చేస్తాను. చెప్పింది చెయ్యండి, ఎందుకని అడక్కండి."

"ఎప్పుడడిగాను?"

సినిమా పెట్టించింది. సౌండు ఎప్పుడూ పెంచేంత పెంచింది. ముందు ఆయన్ని ఒక్కణ్ణే వంటింట్లోకి పంపి, తను హాల్లో కుర్చీ అంచున కూర్చుంది. లోపల ఆయన గిన్నెలు అటూ ఇటూ జరుపుతూ కూనిరాగం తీశాడు. సౌండు పోలేదు. ఆయన్ని పిలిచి హాల్లో కూర్చోబెట్టి, తనొక్కతే వెళ్ళింది. కుళాయి తిప్పింది, ఆపింది, తనలో తను గొణుక్కుంది. సౌండు పోలేదు. ఒక వైరు కదల్లేదు, ఒక మీట నొక్కలేదు. ఇక మార్చడానికి మిగిలింది ఒక్కటే.

"రండి" అంది.

ఆయన గుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు. ఇద్దరూ గట్టు పక్కన నిలబడ్డారు. ఆమె నోటి మీద వేలు పెట్టుకుని మాట్లాడొద్దని సైగ చేసింది. హాల్లో ఎవరో ఎవర్నో తరుముతున్నారు. తుపాకులు మోగుతున్నాయి. రెండు ఊపిరులు తీసేంత సేపు గడిచిందో లేదో, కత్తిరించినట్టు నిశ్శబ్దం.

ఆయన నోరు తెరవబోయాడు. ఆమె తడిచేత్తో ఆయన నోరు మూసేసింది.

పెట్టె కాదు. వైరు కాదు. మరిది కాదు, తోటికోడలు కాదు. ఇద్దరూ వంటింట్లో ఉంటే పోతోంది. ఇద్దరూ వంటింట్లో ఉన్నారని తెలిసే చోటు ఈ ఇంట్లో ఇంకొక్కటే ఉంది. ఆమె మెల్లగా తలెత్తి జాలీ వైపు చూసింది. వంటింటి దీపానికి ఇద్దరి నీడలూ దాని మీద పడి ఉన్నాయి. అవతల గదిలో దీపం వెలుగుతోంది. కుర్చీ కిర్రుమనలేదు, పుస్తకం తిప్పిన చప్పుడు లేదు. ఊపిరి బిగబట్టి వినేవాళ్ళ దగ్గర ఎంత నిశ్శబ్దం ఉంటుందో అంత ఉంది. ఆమె ఎన్నిసార్లు అలా నిలబడి వినలేదు? పిల్ల ఫోన్లో మాట్లాడుతుంటే, తలుపు ఇవతల, చీపురు పట్టుకుని.

ముందు ఒళ్ళు మండింది. వెళ్ళి తలుపు తన్ని, చెవి పట్టుకుని లాగుదామనిపించింది. రెండడుగులు వేసింది కూడా. మూడో అడుగు పడలేదు. తలుపు తీశాక పిల్ల మళ్ళీ అడుగుతుంది, ఫోన్ వచ్చిందా అని. ఇవాళ అదే మాట, అదే మొహం పెట్టి, మళ్ళీ చెప్పగలదా? సోమవారం నుంచీ అబద్ధమని తెలిసే అడుగుతోందన్నమాట పిల్ల. తెలిసే, రోజూ ఒక్కసారి అవకాశం ఇస్తోంది.

ఆమె వెనక్కి వచ్చి గట్టుకి ఆనుకుంది. ఆయన నోటి మీంచి చెయ్యి తీసింది. జాలీ వైపు మొహం తిప్పి, ఆయనతో అంటున్నట్టు, కానీ పక్క వీధికి వినిపించేంత గట్టిగా మొదలుపెట్టింది.

"ఏమండీ. వాళ్ళు సోమవారం ఫోన్ చేశారు. సీటు వచ్చిందన్నారు."

ఆయన బిత్తరపోయాడు. "నాకు తెలుసు కదే. మెల్లగా..."

"మీకు కాదు. వినండి. రేపు సాయంత్రం లోపు నేను ఒప్పుకుంటున్నానని చెప్పాలట. నేను చెప్పకూడదనుకున్నాను. దానికి రాలేదని చెప్పాను. మీ చేత కూడా నోరు మూయించాను. మీ తప్పేం లేదు, అంతా నేనే." తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "నాకు స్టూలెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. అది అంత ఎత్తున ఒక తాడు నమ్ముకుని వేలాడుతుంటే నేనిక్కడ ఎలా తిండి తినాలి? ఆ తాడు తెగితే?"

కూతురి గది తలుపు తెరుచుకుంది. చేతిలో ఫోన్‌తో పిల్ల వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"రెండు తాళ్ళుంటాయమ్మా. ఒకటి తెగినా ఇంకోటి పట్టుకుంటుంది."

"రెండూ తెగితే?"

"నీతో ఎవడు గెలుస్తాడు?" అన్నాడాయన.

"మీరాగండి." ఆమె పిల్ల చేతిలో ఫోన్ వంక చూసింది. "దాంతోనేనా?"

"ఆ. బాబాయ్ నేర్పాడు, ఎప్పుడో. గదిలోంచే దాని లోపలికి వెళ్ళి రెండు ముక్కలు టైపు చేస్తే చాలు. పాస్‌వర్డ్ నాన్న కొట్టేటప్పుడు చూశాను, ఒక్క వేలుతో కొడతాడు." పిల్ల ముక్కు తుడుచుకుంది. "ఈ ఇంట్లో సౌండు పెరిగిందంటే నా గురించే. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సోమవారం మామూలు కంటే ఎక్కువ పెంచారు. అప్పుడే అనుమానమొచ్చింది."

"అడగొచ్చు కదే."

"రోజూ అడిగాను."

హాల్లో బొమ్మలు చప్పుడు లేకుండా పరిగెడుతూనే ఉన్నాయి.

"వచ్చిన సీటు పోతుంటే చూస్తూ, రోజూ నాకు వడ్డించావు" అంది పిల్ల. "ఇంకోటి వేసుకో అన్నావు. నాకు ముద్ద దిగలేదు. నేను పడిపోతానని నీకు భయం, సరే. నేనేమైపోతున్నానో చూడలేదా?"

"చూశాను" అందామె చిన్నగా. "బక్కచిక్కావని కూడా అనుకున్నాను. రక్తం తగ్గిందేమో, పరీక్ష చేయించాలనుకున్నాను."

ఆయనకి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. పిల్లకీ పెదవి చివర ఏదో కదిలింది కానీ నవ్వు కాలేదు.

"ఇప్పుడు చెయ్యి ఫోన్."

"ఇప్పుడు ఆఫీసు మూసేసుంటారు. పొద్దున చేస్తాను. చేస్తానన్నాను కదా."

పిల్ల కదల్లేదు. చెయ్యి చాపింది. "నీ ఫోన్ నా దగ్గర ఉండనీ, పొద్దుటిదాకా."

"ఎందుకు? నేనేమైనా..."

"ఏమో" అంది పిల్ల.

ఆమె కొంగుతో ఫోన్ తుడిచి ఆ చేతిలో పెట్టింది. ఎదుటివాళ్ళ కళ్ళలో అనుమానం ఎలా ఉంటుందో ఆమె అంత దగ్గరగా అంతకుముందెప్పుడూ చూడలేదు.

పొద్దున ఆఫీసులు తెరిచే వేళకి ముగ్గురూ వంటింట్లోనే ఉన్నారు. ఆయన డిపోకి ఆలస్యంగా వస్తానని చెప్పేశాడు. పిల్ల నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోన్ గట్టు మీద ఉంచింది. రెండు వైపులా మాటలు తనకి వినిపించాల్సిందే అంది. అవతల గుమాస్తా ఎత్తాడు. ఆమె పిల్ల పేరు చెప్పింది, తను తల్లినని చెప్పింది. ఆ తరవాత కొంగుతో గట్టు తుడవడం మొదలుపెట్టింది. గుమాస్తా "చెప్పండమ్మా" అన్నాడు. పిల్ల ఆమె పెదవుల వంకే చూస్తోంది.

"ఒప్పుకుంటున్నాను" అంది.

"సంతోషం. రాసుకున్నాను."

"ఒక్క మాట బాబూ. గాలి ఎక్కువగా ఉన్న రోజున పైకి పంపుతారా?"

"పంపమమ్మా."

"ఎక్కువంటే ఎంత? అది ఎవరు చూస్తారు? చూసేవాడు సెలవులో ఉంటే?"

పిల్ల నుదురు కొట్టుకుంది. గుమాస్తా మాత్రం విసుక్కోలేదు. గాలి కొలిచేవాళ్ళు ఇద్దరుంటారని, ఒకరు లేకపోతే ఆ రోజు ఎవరూ ఎక్కరని చెప్పాడు. హాస్టలు కిటికీలకి ఊచలున్నాయా, మంచాలు రెండంతస్తులవా, పై మంచం మా అమ్మాయికి ఇస్తారా అని ఆమె ఇంకా అడిగింది. చివరికి అవతలివాడే సెలవు తీసుకుని పెట్టేశాడు.

పిల్ల ఫోన్ చేతిలోకి తీసుకుంది. నంబరు తెర మీద చూసింది, పైకి జరిపి చూసింది, మళ్ళీ చూసింది.

"ఏంటి చూస్తున్నావు? వాళ్ళ నంబరేగా" అంది తల్లి.

"నా పేరు నిజంగా రాసుకున్నాడో లేదో. నువ్వు అన్ని ప్రశ్నలు వేశావు, మరిచిపోయి ఉంటాడు. ఇంకోసారి చేసి అడుగుతాను."

ఆయన తల పట్టుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు. ఆమెకి కోపం రాలేదు. నిజమే, రాసుకున్నానని అన్నాడు, కానీ చూసిందెవరు? పిల్ల మళ్ళీ నంబరు నొక్కింది. అవతల మోగుతోంది. తల్లీ కూతుళ్ళిద్దరూ తల తలకి ఆనించి, ఫోన్ మీదికి వంగి, చెవులు రిక్కించి నిలబడ్డారు.